తక్కువ పైసల్లో ట్రెక్కింగ్ షూ ఎలా ఎంచుకోవాలి: మన గుట్టలకు, మన అడవులకు సరిపడేవి

వానలు పడ్డాయంటే చాలు, మన దగ్గర ప్రతి ఫ్రెండ్స్ గ్రూపులో బొగత పోదామా, కుంటాల పోదామా, పాండవుల గుట్ట ఎక్కుదామా అని మొదలవుతుంది, ఆ వెంటనే ఎవరో ఒకరు "మరి షూ ఎట్లా?" అంటారు. నెట్‌లో వెతికితే ఆరు వేలు, ఎనిమిది వేలు, పన్నెండు వేలు. అంత పెట్టగలిగినవాళ్ల సంగతి వదిలేద్దాం. చేతిలో వెయ్యో, పదిహేను వందలో, గట్టిగా అనుకుంటే రెండున్నర వేలో ఉన్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను: డిగ్రీ చదివే పిల్లలు, కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు, ఇంట్లో నలుగురికీ ఒకేసారి కొనాల్సి వచ్చినవాళ్లు.

అసలు మాట ముందే చెప్పేస్తాను. బడ్జెట్ తక్కువైనప్పుడు మీ పైసలు పోవాల్సింది రెండింటి మీదే: సోల్, సైజు. చీలమండ దాకా ఎత్తుగా ఉండటం, వాటర్‌ప్రూఫ్ అని రాసి ఉండటం, చూడ్డానికి మిలిటరీ బూటులా గట్టిగా కనిపించడం, ఇవన్నీ తక్కువ ధరలో పేరుకే ఉంటాయి. కంపెనీ వాటికి పెట్టిన ఖర్చు ఎక్కడో ఒకచోట తగ్గించుకోవాలి కదా, ఎక్కువసార్లు తగ్గించేది మీకు కనపడని అడుగు భాగంలోనే.

1. ముందు ఎక్కడ నడుస్తారో తేల్చుకోండి

చాలామంది వదిలేసే పని ఇదే. ఉత్తర తెలంగాణలో "ట్రెక్కింగ్" అని మనం పోయే చోట్లలో చాలావాటికి అసలు బూట్లే అక్కర్లేదు. లక్నవరంలో వేలాడే వంతెన మీద తిరగడానికి, వాజేడు దగ్గర బొగత చూసి రావడానికి, రామప్ప గుడి చూసి చెరువు కట్ట మీద కాసేపు నడవడానికి వెనక పట్టీ ఉన్న మంచి సాండల్ చాలు. కుంటాలలో వందల మెట్లు దిగి మళ్లీ ఎక్కాలి, అయినా కాలికి సరిగ్గా పట్టిన, రబ్బరు సోల్ ఉన్న మామూలు షూతో హాయిగా అయిపోతుంది. వీటి కోసమే అయితే ఉన్నవాటితో పోయి రండి, పైసలు దాచుకోండి.

షూ గురించి నిజంగా ఆలోచించాల్సిన చోట్లు వేరే. రేగొండ దగ్గరి పాండవుల గుట్టలో ఉండేది ఇసుకరాయి, రాతి మీద సన్నటి ఇసుక రాలి ఉంటుంది, రాళ్ల సందుల్లో దూరి ఎక్కాల్సిన చోట్లు కూడా ఉన్నాయి. పెద్దపల్లి జిల్లాలో రామగిరి ఖిల్లాకు పోతే అడవిలోంచి రాళ్ల దారి, ఎక్కడానికి చాలాసేపు, పైన కోటంతా తిరగడానికి ఇంకాసేపు, తర్వాత అదే దారిలో దిగుడు. వేళ్లు, మోకాళ్లు దెబ్బతినేది ఎక్కేటప్పుడు కాదు, ఆ దిగుడులో. వరంగల్, హనుమకొండ చుట్టుపక్కల గుట్టలు చాలావరకు గ్రానైటు గుండ్లు. ఇంకాస్త దూరం పోతే భువనగిరి గుట్ట కూడా అంతే, 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ రాళ్లెక్కడం నేర్చుకున్నది అక్కడే. ఆదిలాబాద్ వైపు వానాకాలంలో పోతే నల్లరేగడి. ఏటూరునాగారం, కవ్వాల్ వైపు అడవి దారుల్లో, ముందుగా అటవీశాఖ అనుమతి తీసుకునే పోవాలి, రాళ్ల కన్నా ముళ్లతోనే ఎక్కువ గొడవ.

వీటిలో ఒక్కోదానికి ఒక్కో రకం సోల్ కావాలి. గ్రానైటు గుండు మీద పట్టు రావాలంటే మెత్తటి రబ్బరు ఎక్కువ మేర రాయికి ఆనాలి, పెద్ద పెద్ద పళ్లున్న సోల్ అక్కడ లాభం కన్నా నష్టమే, ఎందుకంటే రాయికి తగిలేది ఆ పళ్ల కొనలు మాత్రమే. రాలిన గులకరాళ్లు, మట్టి దారి అయితే పళ్లు కావాలి. నల్లరేగడిలో పళ్ల మధ్య సందులు వెడల్పుగా లేకపోతే పది అడుగులు వేసేసరికి సోల్ అంతా మట్టితో పూడిపోయి ఒక్కో కాలికి కిలో బరువు పెరుగుతుంది. ఒకే జత అన్నిటికీ కావాలంటే మూడు నాలుగు మిల్లీమీటర్ల లోతు పళ్లు, మధ్యలో వేలి కొన పట్టేంత సందు ఉన్నది చూసుకోండి. మన ప్రాంతానికి అదే సరైన రాజీ అని నా అభిప్రాయం.

2. పైసలు ముందే పంచుకోండి

పదిహేను వందలు ఉన్నాయనుకుందాం. అంతా షూకే పెట్టేయకండి. పదకొండు వందలు షూకు, రెండు వందలు సాక్సులకు, మిగతా రెండు వందలు సైడు కుట్టుకు (సోల్ చుట్టూ దారంతో వేయించేది, కింద చెబుతాను), అవసరమైతే లోపల వేసే మెత్తటి సోల్‌కు. పదిహేను వందల షూ, చిరిగిన కాటన్ సాక్సుల కన్నా పదకొండు వందల షూ, మంచి సాక్సులే కాలికి మేలు చేస్తాయి.

ఇంకో లెక్క. 2025 సెప్టెంబరు 22 నుంచి జత 2,500 రూపాయల లోపుంటే జీఎస్టీ 5 శాతం, దాటితే 18 శాతం. కాబట్టి ఆ గీతకు కొంచెం పైన ఉన్న జత మీద మనసు పడితే ఒక్కసారి ఆగండి, మీరు ఎక్కువ కట్టే దానిలో చాలా భాగం పన్నుకే పోతుంది, షూ నాణ్యతకు కాదు.

రైలెక్కి హైదరాబాద్ పోయి కొనుక్కొద్దాం అనుకునేవాళ్లు రానుపోను ఛార్జీ, ఆ రోజు తిండి ఖర్చు కూడా షూ ధరలో కలిపి చూసుకోండి. వేరే పని మీద పోయినప్పుడైతే తప్పకుండా చూడండి, దాని కోసమే పోవాల్సినంత తేడా ఉండదు. హనుమకొండ చౌరస్తాలో, వరంగల్ స్టేషన్ రోడ్డులో, కరీంనగర్‌లో, మంచిర్యాలలో దొరికేవాటిలోనే ఓపికగా వెతికితే పనికొచ్చేవి ఉంటాయి.

3. సోల్‌ను చేత్తో పరీక్షించండి

దుకాణంలో చేతికి షూ ఇవ్వగానే అందరూ పైభాగం చూస్తారు. మీరు వెంటనే తిరగేయండి.

మొదట గోరుతో అడుగు భాగాన్ని గట్టిగా నొక్కండి. ఫోమ్ అయితే, అంటే తేలిక షూల్లో వాడే ఈవీఏ అయితే, గోటి గుర్తు పడి అలాగే ఉండిపోతుంది. రబ్బరైతే లోపలికి పోయి మళ్లీ పైకి వచ్చేస్తుంది. నేలకు తగిలే పొర కచ్చితంగా రబ్బరై ఉండాలి. పాదానికి, ఆ రబ్బరుకు మధ్యలో ఫోమ్ ఉండటం మంచిదే, నడకలో దెబ్బ పీల్చుకుంటుంది. పూర్తిగా ఫోమే అయితే మాత్రం రాళ్ల మీదికి వద్దు. కానిస్టేబుల్ ఉద్యోగాల కోసం పొద్దున్నే హనుమకొండ జేఎన్ఎస్ గ్రౌండ్‌లో పరుగెత్తే పిల్లలు వేసుకునే తేలికపాటి రన్నింగ్ షూలు చాలావరకు ఇలాంటివే. పరుగుకు అవి బాగుంటాయి, తడి రాయి మీద జారిపోతాయి, ముళ్లను అసలు ఆపలేవు.

ముళ్ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, బయటివాళ్లు రాసే షూ రివ్యూల్లో ఇది ఎక్కడా ఉండదు. ఎండిన తుమ్మ ముల్లు ఫోమ్ సోల్‌లో సగం దూరి విరుగుతుంది. ఆ క్షణంలో మీకేం తెలియదు. నడిచేకొద్దీ ఒక్కో అడుగుకూ అది కొంచెం కొంచెం పైకి వచ్చి, ఎప్పుడో మడమలో కసుక్కున దిగుతుంది, అప్పుడు షూ విప్పి చూస్తే లోపల కనపడేది సూది మొన అంతే, బయటినుంచి పీకుదామంటే పట్టు దొరకదు. కొన్ని రన్నింగ్ షూల అడుగున బరువు తగ్గించడానికి మధ్యలో లోతుగా గాళ్లు పెడతారు, అక్కడ ముల్లుకూ మీ కాలికీ మధ్య ఉండేది అర సెంటీమీటరు ఫోమ్. కాబట్టి చెల్కల్లో, అడవి దారుల్లో నడిచేవాళ్లు సోల్ అడుగు మొత్తం రబ్బరు పరిచి ఉందో లేదో, మధ్యలో ఖాళీలు ఉన్నాయో లేవో తప్పకుండా చూడండి.

తర్వాత వంచి చూడండి. ఒక చేత్తో మడమ, ఇంకో చేత్తో ముందు కొన పట్టుకుని నొక్కితే వేళ్లు వంగే చోట, అంటే ముందు భాగంలో మూడో వంతు దగ్గర వంగాలి. నడిమధ్యలో మడతపడితే అది చెప్పులాంటి షూ, రాళ్ల మీద మూడు గంటలు నడిస్తే అరికాలు నొప్పి ఖాయం. బట్ట పిండినట్టు మెలితిప్పండి, కొంచెం తిరిగి ఆగిపోవాలి, పూర్తిగా తిరిగిపోతే పక్కన పెట్టేయండి.

ఇక అతుకు. చవక షూల్లో ముందు ఊడేది ఎప్పుడూ బొటనవేలి దగ్గరే. అక్కడ సోల్‌కు, పైభాగానికి మధ్య ఉన్న గీతను వెలుతురులో చూడండి, బొటనవేళ్లతో రెండు వైపులకు లాగండి. గీత తెరుచుకుని లోపల పచ్చగా ఎండిన గమ్ పొర కనిపించిందంటే అది మీ మొదటి దిగుడులోనే నోరు తెరుస్తుంది. ముందు కొన మీదికి రబ్బరు కొంచెం ఎక్కి ఉంటే మంచిది, రాళ్లకు కొట్టుకున్నప్పుడు అతుకు నేరుగా దెబ్బ తినదు.

డిస్కౌంటులో పాత స్టాకు అమ్ముతున్నప్పుడు ఇంకో విషయం. బాక్సు మీద తయారైన నెల, సంవత్సరం ఉండాలి, అడిగి చూడండి. పీయూ, అంటే పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్ రకం సోల్ ఉన్న షూలు గాలిలోని తేమకే ఏళ్ల మీద లోపల్నుంచి పాడవుతాయి, ఒక్కసారి కూడా వేసుకోకపోయినా సరే. పైకి కొత్తగా మెరుస్తూ ఉంటాయి, వేసుకుని ఒక పూట నడిస్తే సోల్ ముక్కలు ముక్కలుగా రాలిపోతుంది. మూడు నాలుగేళ్ల పాతవైతే సగం ధరకు ఇచ్చినా వద్దనే చెబుతాను. ఇంట్లో అటక మీద ఎప్పటివో సేఫ్టీ షూలు, ట్రెక్కింగ్ షూలు ఉంటే వాటికీ ఇదే పరీక్ష, బొటనవేలితో సోల్ పక్కభాగం గట్టిగా నొక్కి పగుళ్లు వస్తున్నాయేమో, పొడి రాలుతుందేమో చూడండి.

4. ఎంతలో ఏ రకం

ఐదారు వందలే ఉన్నాయంటే జంగిల్ షూ. ఆలివ్ గ్రీన్ రంగు కాన్వాస్, కింద రబ్బరు సోల్, చీలమండ దాకా ఉంటాయి, పోలీసు, ఆర్మీ సామాన్లు అమ్మే దుకాణాల్లో అడగండి. వీటిని చిన్నచూపు చూడకండి. సోల్ అసలు రబ్బరు, కాన్వాస్ తడిసినా త్వరగా ఆరుతుంది, ముళ్ల కొమ్మలు కాలికి గీసుకోవు. లోపల మెత్తదనం ఏమీ ఉండదు, కాబట్టి వంద నూటయాభై పెట్టి లోపలి సోల్ ఒకటి వేసుకోవాల్సిందే. నేపాల్‌లో బరువులు మోసే కూలీలు ఏళ్ల తరబడి గోల్డ్‌స్టార్ అనే చవక షూలతోనే హిమాలయాల దారుల్లో తిరుగుతున్నారు, మన గుట్టల ముందు జంగిల్ షూ తక్కువేం కాదు.

ఎన్‌సీసీలో ఉన్న పిల్లల దగ్గర డీఎంఎస్ బూట్లు ఉంటాయి. తోలు, రబ్బరు సోల్, గట్టివి. బరువెక్కువ, కాలికి అలవాటు పడటానికి టైమ్ పడుతుంది, కానీ ఇప్పటికే పరేడ్లలో నడిచి నడిచి మీ పాదానికి తగ్గట్టు అయిపోయిన జత ఉంటే కొత్తది కొనకుండా అదే వేసుకుపొండి. చలికాలంలో పర్వాలేదు, ఎండలో మాత్రం కాళ్లు ఉడికిపోతాయి.

భూపాలపల్లి, గోదావరిఖని, మందమర్రి వైపు చాలా ఇళ్లల్లో సింగరేణి సేఫ్టీ షూ ఉంటుంది, దుకాణాల్లోనూ ఏడెనిమిది వందలకే గట్టివి దొరుకుతాయి, "ఇవే వేసుకుపోతే అయిపోతుంది కదా" అనిపిస్తుంది. వద్దు. ముందు ఇనుప టోపీ ఉన్నది పైనుంచి బరువు పడితే వేళ్లు కాపాడటానికి. గుట్ట దిగేటప్పుడు పాదం ముందుకు జారి వేళ్లు ఆ ఇనుముకే కొట్టుకుంటూ ఉంటాయి, గోళ్లు నల్లబడతాయి. పైగా కాలికి కట్టుకున్న బరువు వీపు మీది బరువు కన్నా ఎన్నో రెట్లు అలసట తెస్తుంది.

వెయ్యి నుంచి పద్దెనిమిది వందల మధ్య ఎక్కువమందికి సరిపడే రకం దొరుకుతుంది: చీలమండ కిందికే ఉండే, లేసులు కట్టే, కింద రబ్బరు పరిచిన వాకింగ్, అవుట్‌డోర్ షూ. ఇక్కడ బ్రాండు కన్నా మోడల్ ముఖ్యం, ఒకే కంపెనీలో పూర్తి ఫోమ్ సోల్‌వీ, రబ్బరు సోల్‌వీ పక్కపక్కనే ఉంటాయి, ధర కూడా ఒకటే ఉంటుంది. డెకాథ్లాన్ వాళ్ల కెచువా రకంలో ఎన్‌హెచ్ 100 చవకైనది, పొడి దారుల్లో చిన్న నడకలకు ఉద్దేశించినది, పాండవుల గుట్ట లాంటి ఒకపూట నడకకు సరిపోతుంది. ఎంహెచ్ 100 దాని పై మెట్టు, రాళ్ల దారికి చేసింది, ధర కూడా బాగా ఎక్కువ. నెలకోసారైనా పోయేవాళ్లయితేనే ఆ పై మెట్టు గురించి ఆలోచించండి.

పెద్ద బ్రాండు పేరు అతికించి ఆరేడు వందలకు అమ్మే "ఫస్ట్ కాపీ" షూల జోలికి మాత్రం పోకండి. ఆ పైసలకు పేరు లేని జంగిల్ షూ ఎంతో నమ్మకమైనది.

5. దుకాణానికి సాయంత్రం పొండి, సాక్సులు తీసుకుపొండి

రోజంతా నడిచాక, నిలబడ్డాక పాదం కొంచెం ఉబ్బుతుంది, గుట్టెక్కేటప్పుడు కూడా అలాగే ఉబ్బుతుంది. పొద్దున్నే సరిగ్గా పట్టిన షూ మధ్యాహ్నానికి బిగుసుకుపోతుంది. అందుకే సాయంత్రం, ట్రెక్కింగ్‌కు వేసుకునే సాక్సులతోనే వేసి చూడాలి. దుకాణంలో ఇచ్చే పలుచటి సాక్సుతో చూస్తే లెక్క తప్పుతుంది.

పోయే ముందు ఇంట్లో ఒక పని చేయండి. పాత న్యూస్ పేపర్ గోడకు ఆనించి నేల మీద పరిచి, మడమ గోడకు తగిలేలా దాని మీద నిలబడండి, కూర్చుని కాదు, బరువంతా కాలి మీద వేసి. అన్నిటికన్నా పొడుగు వేలి కొన దగ్గర గీత గీయించుకోండి, చుట్టూ పెన్సిల్‌తో పాదం ఆకారం గీయించుకోండి. రెండు కాళ్లకూ చేయండి, చాలామందికి ఒక పాదం కొంచెం పెద్దదిగా ఉంటుంది, పెద్దదానికే కొనాలి. ఆ కాగితం కత్తిరించి జేబులో పెట్టుకుపొండి. షూ లోపలి సోల్ బయటికి తీసి దాని మీద కాగితం పెడితే మడమ కలిసినప్పుడు ముందు వైపు బొటనవేలు వెడల్పు, అంటే సుమారు ఒక సెంటీమీటరు పైన ఖాళీ మిగలాలి, పక్కలకు కాగితం బయటికి పొడుచుకురాకూడదు. హాస్టల్లో ఉన్న తమ్ముడికో, ఊళ్లో ఉన్న చెల్లెకో కొనాలన్నా వాళ్లతో ఈ కాగితం గీయించి పంపమనండి, నంబరు అడగడం కన్నా ఇది నయం.

నంబర్ల సంగతి కూడా చెప్పుకుందాం. మన దుకాణాల్లో 7, 8, 9 అనేది యూకే లెక్క, నంబరు నంబరుకూ తేడా ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు. కంపెనీ కంపెనీకీ అచ్చు వేరు కాబట్టి ఒకదానిలో 8 పట్టినవాళ్లకు ఇంకోదానిలో 9 పట్టొచ్చు. రోజూ వేసుకునే షూ కన్నా అర నంబరో, ఒక నంబరో పెద్దది తీసుకోవాల్సి వస్తే కంగారు పడకండి.

పొడవు కన్నా మనకు ఎక్కువ ఇబ్బంది వెడల్పుతోనే. చిన్నప్పటినుంచి చెప్పులతో, ఒట్టి కాళ్లతో తిరిగిన పాదం ముందు భాగంలో వెడల్పుగా ఉంటుంది, ముందు సన్నగా ఉండే షూల్లో చిటికెన వేలు మడతపడి నలిగిపోతుంది. "వేసుకుంటే సాగుతుంది సార్" అని దుకాణంలో అంటారు. తోలైతే కొంచెం సాగుతుంది, రెక్సిన్, సింథటిక్ సాగదు. దుకాణంలోనే చిటికెన వేలు నొప్పి పెడితే ఆ జత మీది కాదు.

వేసుకుని లేసులు కట్టాక రెండు నిమిషాలు నడిచి సంబరపడి బిల్లు కట్టేయకండి. మెట్లుంటే దిగండి, ర్యాంపు ఉంటే దిగండి, ఏదీ లేకపోతే బూటు ముందు కొనతో నేలను మూడు నాలుగుసార్లు తన్నండి. వేళ్లు ముందుకు తగిలితే దిగుడులో మీ గోళ్ల పని అయిపోయినట్టే. ఎక్కేటప్పుడు మడమ లోపల పైకి లేస్తుందా చూడండి, కొద్దిగా లేస్తే లేసులతో సరిచేయొచ్చు, పూర్తిగా జారితే బొబ్బలు ఖాయం. దుకాణదారు విసుక్కున్నా పర్వాలేదు, ఇంకో పది నిమిషాలు తీసుకోండి. మీ కష్టార్జితం అది.

ఆడవాళ్లకు ఒక మాట. మన ఊళ్లల్లో ఆడవాళ్ల సెక్షన్‌లో ఉండేవి ఎక్కువగా చూడ్డానికి బాగుండే ఫోమ్ షూలే. మొహమాటం లేకుండా మగవాళ్ల సెక్షన్‌లో, లేదా పెద్ద పిల్లలవాటిలో 4, 5, 6 నంబర్లు అడగండి, ముందు భాగం వెడల్పుగా ఉంటుంది, రబ్బరు సోల్ దొరికే అవకాశమూ ఎక్కువ. మడమ దగ్గర కొంచెం వదులనిపిస్తే కింద చెప్పే లేసు పద్ధతి వాడండి.

ఆన్‌లైన్‌లో కొంటే వాపసు తీసుకుంటామని రాసి ఉన్నవే కొనండి. ఇంట్లో శుభ్రమైన దుప్పటి మీద నడిచి చూడండి, సోల్‌కు మట్టి అంటిందంటే వాపసు తీసుకోరు.

6. వాటర్‌ప్రూఫ్, ఎత్తు బూట్లు అవసరమా

రెండు వేల లోపు వాటర్‌ప్రూఫ్ అనే మాటకు పైసలు పెట్టకండి. మన వాగులు మోకాలి లోతు, నీళ్లు పైనుంచే బూటులోకి వస్తాయి, వచ్చిన నీళ్లు బయటికి పోవు. తర్వాత ఆ బూటు రెండు రోజులు ఆరదు. ఎండాకాలం సంగతి చెప్పనే అక్కర్లేదు, లోపల చెమటతోనే సాక్సు తడిసి ముద్దవుతుంది. మన వాతావరణానికి జాలీ బట్ట ఉన్న షూ నయం: తడుస్తుంది, నీళ్లు కారిపోతాయి, నడుస్తూ ఉంటే ఆరిపోతుంది.

చీలమండ దాకా ఎత్తు ఉంటే కాలు మెలిపడదు అనుకుంటారు. చవక బూట్లలో ఆ ఎత్తంతా పలుచటి స్పాంజి, బట్ట మాత్రమే, మీ కాలు మెలిపడుతుంటే అది ఆపలేదు. ఎత్తు వల్ల వచ్చే లాభం వేరు: ఇసుక, గడ్డి గింజలు, చిన్న ముళ్లు లోపలికి పోవు. పల్లేరు కాయలు, గడ్డి ఎక్కువున్న దారి అయితే ఎత్తువి తీసుకోండి, లేకపోతే కిందివే తేలిక.

ఇంకొకటి గట్టిగా చెప్పాలి. జలపాతాల దగ్గర పాచి పట్టిన రాయి మీద ఏ షూ ఆగదు, పన్నెండు వేలదైనా సరే. గ్రిప్ బాగుంది కదా అని కుంటాలలో, బొగతలో అంచుల దాకా పోవద్దు. వాగు పొంగితే బూటు లెక్కలోకే రాదు, 2023 జూలైలో ములుగు జిల్లా ముత్యాలధార దగ్గర పదుల మంది అలాగే అడవిలో చిక్కుకుపోతే ఎన్‌డీఆర్‌ఎఫ్ వాళ్లు పోయి తీసుకురావాల్సి వచ్చింది.

7. కొన్న వెంటనే సైడు కుట్టు వేయించండి

చవక షూను ఎక్కువ కాలం బతికించే పని ఇదే, ఖర్చు కూడా తక్కువ. బస్టాండు దగ్గర, మార్కెట్లో చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గరికి తీసుకుపోయి సోల్ చుట్టూ నైలాన్ దారంతో కుట్టమనండి. అడుగు వైపు గాడి కోసి దారాన్ని ఆ గాడిలో కూర్చోబెట్టమని చెప్పండి, లేకపోతే రాళ్లకు రాసుకుని దారం వారంలో తెగిపోతుంది. సోల్ అంచు పైభాగం మీదికి ఎక్కి ఉన్న షూలకే ఈ కుట్టు నిలుస్తుంది, వాపసు ఇచ్చే ఆలోచన ఉంటే మాత్రం కుట్టించకండి, సైజు పూర్తిగా ఖాయం చేసుకున్నాకే.

సాక్సుల విషయంలో కాటన్ వద్దు. చెమట పీల్చుకుని తడిగానే ఉండిపోతుంది, తడి బట్ట చర్మాన్ని ఒరుసుకుంటే బొబ్బలు. నైలాన్, పాలిస్టర్ కలిసిన స్పోర్ట్స్ సాక్సులు చాలు, షూ అంచు కన్నా కొంచెం పైకి ఉండేవి, వేళ్ల దగ్గర కుట్టు లావుగా లేనివి. రెండు జతలు కొనుక్కోండి, ఒకటి బ్యాగులో ఉండాలి.

8. గుట్టకు పోయే ముందు ఊళ్లో నడవండి

కొత్త షూతో నేరుగా రామగిరి ఖిల్లాకు పోకండి. మొదట ఇంట్లో సాయంత్రం పూట, తర్వాత కూరగాయలకు పోయేటప్పుడు, ఆ తర్వాత భద్రకాళి చెరువు కట్ట మీద ఒక గంట, చివరగా పద్మాక్షి గుట్ట మెట్లు ఎక్కి దిగండి. ఎక్కడైనా ఒరుసుకుంటుంటే మంట ముందు చిన్నగా మొదలవుతుంది, ఆ దశలోనే ఆగి అక్కడ మెడికల్ షాపులో దొరికే పేపర్ ప్లాస్టర్ అతికించాలి. బొబ్బ వచ్చాక అతికిస్తే లాభం తక్కువ.

లేసులు ఎక్కేటప్పుడు ఒకలా, దిగేటప్పుడు ఒకలా కట్టుకోవాలి. ఎక్కేటప్పుడు పైన కాస్త వదులుగా ఉన్నా ఫర్వాలేదు. దిగే ముందు ఆగి, మడమను వెనక్కి తన్ని, పై నుంచి బిగించి కట్టండి. మడమ జారుతుంటే అన్నిటికన్నా పైన ఉన్న రెండు రంధ్రాల్లోకి లేసును అదే వైపు బయటినుంచి లోపలికి దూర్చి చిన్న ఉచ్చులా వదలండి, ఎదుటి వైపు లేసును ఆ ఉచ్చులోంచి తీసి లాగితే మడమ పట్టేసినట్టు ఆగిపోతుంది. చాలా షూల్లో పైన ఆ రంధ్రం ఖాళీగా ఉండేది ఇందుకే.

బ్యాగులో రెండు మూడు మూరల సుతిలి తాడు, నాలుగు కేబుల్ టైలు పెట్టుకోండి. దారి మధ్యలో సోల్ నోరు తెరిస్తే ముందు భాగంలో చుట్టి బిగిస్తే కిందికి దిగేదాకా పని జరుగుతుంది.

9. తిరిగి వచ్చాక

మట్టి ఆరకముందే నీళ్లతో, పాత బ్రష్‌తో కడగండి, నల్లరేగడి ఎండితే కుట్లలోకి పోయి దారాన్ని కోస్తుంది. లోపలి సోల్, లేసులు తీసేసి, లోపల న్యూస్ పేపర్ ఉండలు కుక్కి నీడలో, గాలి తగిలేచోట పెట్టండి, పేపర్ తడిసినప్పుడల్లా మార్చండి. త్వరగా ఆరతాయని మేడ మీద ఎండలో పడేయకండి, మే నెల ఎండకు గమ్ మెత్తబడి అతుకు వదులుతుంది. కారు డిక్కీలో వదిలేసినా అదే జరుగుతుంది.

తర్వాతి ట్రిప్‌కు నాలుగు రోజుల ముందు ఒకసారి బయటికి తీసి సోల్ అంచు చుట్టూ వేలితో లాగి చూడండి. ఎక్కడైనా వదులుతుంటే లోపలి దుమ్ము గీకేసి, రబ్బరు సొల్యూషన్ రెండు వైపులా పూసి, చేతికి అంటుకోనంత ఆరనిచ్చి, అప్పుడు గట్టిగా నొక్కి, తాడుతో చుట్టి ఒక రోజంతా వదిలేయండి. ముందు రోజు రాత్రి అతికిస్తే గుట్ట మీద ఊడుతుంది.